జారేది వాళ్లు, తీసేది మనం: ఇసుక తిన్నెల మీద కుటుంబ ఫోటోలకు పది చిట్కాలు

కొలరాడోలోని గ్రేట్ శాండ్ డ్యూన్స్ నేషనల్ పార్కు డెన్వర్ నుంచి కారులో నాలుగు గంటల దూరం. ఉత్తర అమెరికాలో ఇంతకంటే ఎత్తైన ఇసుక తిన్నెలు లేవు. స్టార్ డ్యూన్ ఒక్కటే 741 అడుగులు. వెనక సాంగ్రె డి క్రిస్టో కొండలు, ముందు మెడానో వాగు. కాళ్లకి బోర్డు బిగించుకుని తిన్నె మీదినుంచి సర్రున జారిపోదామని అక్కడికి జనం వస్తారు. డెన్వర్లో ఉండే మనవాళ్లు కూడా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా, బండి నిండా పులిహోర, చేగోడీలు వేసుకుని బయల్దేరతారు.

అలా వెళ్లేవాళ్లలో రెండు రకాలుంటారు. జారడానికి వెళ్లేవాళ్లు, జారినట్టు ఫోటోలు దిగడానికి వెళ్లేవాళ్లు. ఈ చిట్కాలు రెండో రకం కుటుంబాల కోసం, ముఖ్యంగా ఆ కుటుంబంలో మెడకి కెమెరా వేలాడదీసుకుని తిరిగే పెద్దమనిషి కోసం. జారడం ఎంతసేపు? కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. ఫోటో అలా కాదు. తీసినంతసేపు తీయొచ్చు.

1. మిట్టమధ్యాహ్నమే వెళ్లండి

వేసవి ఎండకి అక్కడి ఇసుక పైపొర 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా, అంటే సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. అందుకే పార్కువాళ్లు పొద్దున్నే రండి, లేదంటే సాయంత్రం రండి, బూట్లు వేసుకుని రండి అని మొత్తుకుంటారు. వాళ్లది నడిచేవాళ్ల గోల. మనది ఫోటోల గోల.

పొద్దున గానీ, పొద్దు వాలే వేళ గానీ వెలుతురు పక్కనుంచి పడుతుంది. గాలి ఇసుక మీద గీసిన అల ప్రతిదానికీ చిన్న నీడ ఏర్పడుతుంది. తిన్నె అంచుకి ఒక వైపు వెలుగు, ఒక వైపు చీకటి. చూసేవాడి కళ్లు తిన్నె మీదే ఉండిపోతాయి, మీ బావమరిది మీదికి రానే రావు. పన్నెండింటికి ఈ బాధ లేదు. సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఇసుక మీద నీడలు మాయమవుతాయి. అవన్నీ వచ్చి కళ్లగుంటల్లోనూ ముక్కు కిందా చేరతాయి. మీసం తీయించుకుని వచ్చిన బావమరిది ఫోటోలో మీసంతో కనిపిస్తాడు.

అందరూ కళ్లు చికిలిస్తారు. ‘‘కళ్లు తెరవండి’’ అని గట్టిగా అరవండి. ఒకసారి కళ్లు మూసుకోమని, మూడు అంకెలు లెక్కపెట్టి అప్పుడు తెరవమంటే ఆ ఒక్క క్షణం అందరి కళ్లూ బాగానే తెరుచుకుంటాయని కొందరు చెబుతారు. ఎండని వాళ్ల వీపు వైపు ఉంచితే ఇసుకే కిందినుంచి మొహాల మీదికి వెచ్చటి వెలుగు విసురుతుందని ఇంకొందరు చెబుతారు. ఇంత సులువుగా పని జరిగిపోతే ఇంట్లో మనల్ని ఎవరు లెక్కచేస్తారు?

2. అందరికీ ఒకే రంగు, అదీ ఇసుక రంగు

నెల ముందే వాట్సాప్ గ్రూపు పెట్టి రంగు తేల్చండి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ దగ్గరికి రానివ్వకండి. అవి వేసుకుంటే అరమైలు దూరం నుంచి కూడా ఎవరు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది, ఫోటోలో వెతుక్కునే సరదా ఉండదు. లేత గోధుమ రంగు చొక్కాలు, లేత గోధుమ రంగు ప్యాంట్లు కొనండి. దూరం నుంచి తీస్తే ఆరు తలకాయలూ పన్నెండు చేతులూ ఎవరికీ చెందకుండా ఇసుకలోంచి మొలుచుకొస్తాయి. ‘‘ఇందులో చిన్నోడెక్కడ?’’ అని విజయవాడ నుంచి పెద్దమ్మ అడుగుతుంది. వేలుతో గుండ్రంగా గీసి పంపొచ్చు.

ఆడవాళ్లకి మాత్రం పట్టుచీరలే. పెళ్లికి ముందు ఫోటోల కోసం దుబాయ్ దాకా వెళ్లి ఎడారిలో కొంగు ఎగరేసుకుంటున్న రోజులివి. ఇక్కడ వసంతకాలంలో మధ్యాహ్నాలు గాలి బాగా వీస్తుంది కాబట్టి కొంగు పట్టుకుని ఎగరేయడానికి మనిషిని కూడా పెట్టక్కర్లేదు. కొంగుతో పాటు ఇసుకా ఎగురుతుంది. అది కుచ్చిళ్లలో, జరీ అంచులో, జడలో, చెవి కమ్మల సందుల్లో చేరి, ఆర్నెల్ల తర్వాత ఏదో గృహప్రవేశంలో పీట మీద రాలుతుంది.

3. బోర్డు జారకపోయినా ఫర్వాలేదు, రంగు ముఖ్యం

ఇసుక మీద జారే బోర్డు వేరే. దాని అడుగు గట్టిగా, బాగా నున్నగా ఉంటుంది. జారే ముందు దానికి మైనం రుద్దాలి. పార్కు లోపల వాటిని అద్దెకివ్వరు. దారిలో బయట దుకాణాల్లోనే తీసుకుని రావాలి. ఇంత తంటా ఎందుకు? గరాజులో పిల్లలు మంచులో జారే ఎర్ర ప్లాస్టిక్ పళ్లెం పడి ఉంటుంది కదా, అది తెచ్చుకోండి. అట్టపెట్టె చింపినా చాలు. పొడి ఇసుక మీద అవి అంగుళం కూడా కదలవు. కదలకపోవడమే కావాలి మనకి. కదిలితే ఫోటో మసకబారుతుంది.

పిల్లాణ్ణి వాలు మీద పళ్లెంలో కూర్చోబెట్టండి. రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరిచి, ‘‘వావ్’’ అన్నట్టు పెట్టమనండి. కదలకుండా పెట్టిన నోరు కాబట్టి ఎన్నిసార్లయినా తీయొచ్చు. నిజంగా జారే పిల్లలైతే సెకనులో వెయ్యో వంతు వేగంతో షట్టరు పెట్టి, వరసగా పది ఫోటోలు పడేలా మీట నొక్కి పట్టుకోవాలి. లేదా సాయంత్రపు వెలుతుర్లో అరవయ్యో వంతు పెట్టి, పిల్లతో పాటు కెమెరానీ తిప్పుతూ పోతే పిల్ల స్పష్టంగా, వెనక ఇసుక చారలు చారలుగా వస్తుంది. ఇవన్నీ నేర్చుకునే ఓపిక ఉంటే మనకి ఈ చిట్కాలెందుకు?

4. కెమెరా మాటే వేదం

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకి ఒకటే నమ్మకం: లోకమంతా సగటున ఓ మోస్తరు బూడిద రంగులో ఉంటుందని. ఎండలో మెరిసే ఇసుకని చూడగానే ‘‘అమ్మో, ఇంత వెలుగా’’ అనుకుని తగ్గించేస్తుంది. బంగారు ఇసుక బురద రంగులో వస్తుంది, మనవాళ్ల మొహాలు అంతకంటే ఒక ఛాయ తక్కువలో వస్తాయి. ఎక్స్‌పోజర్ సర్దుబాటుని ప్లస్ ఒకటి దాకా పెంచితేనో, ఫోన్లో మొహం మీద వేలు పెట్టి పక్కన కనిపించే సూర్యుడి గుర్తుని కాస్త పైకి జరిపితేనో సరిపోతుంది. కానీ వేలకి వేలు పోసి కొన్న కెమెరా కంటే మనకి ఎక్కువ తెలుసా?

మొహాలు నల్లగా పడ్డాయని ఎవరైనా అంటే ఎండకి కమిలారని చెప్పండి. ఇంటికొచ్చాక ఫిల్టరు వేసి తెల్లగా చేయండి. అత్తగారికి ఇరవై ఏళ్లు తగ్గుతాయి, ముక్కుపుడక కూడా పోతుంది. పుడక ఏదని ఆవిడ అడిగితే ఇసుకలో పడిపోయిందేమోనని మాత్రం అనకండి. మళ్లీ నాలుగు గంటలు కారు నడపాల్సి వస్తుంది.

5. లెన్సు మార్చాలంటే తిన్నె కొసే అనువైన చోటు

నాలుగు లెన్సులు తీసుకెళ్లండి. కారులో కూర్చుని అద్దాలు వేసి మార్చుకోవచ్చు, అసలు మార్చకుండా ఒకే జూమ్ లెన్సుతో రోజంతా నెట్టుకురావచ్చు. అలా చేస్తే మన దగ్గర నాలుగున్నాయని ఎవరికి తెలుస్తుంది? తిన్నె కొస మీద, గాలికి ఎదురుగా నిలబడి, కెమెరా నోరు పైకి పెట్టి, నింపాదిగా మార్చండి.

నేల మట్టం నుంచి తీసే ఫోటోకి అందం ఎక్కువ. కెమెరాని ఇసుక మీదే ఆనించండి. గాలికి ఎగిరే ఇసుకలో ఎక్కువ భాగం ఆకాశంలో ఉండదు, నేల మీద గెంతుకుంటూ మోకాళ్ల లోపే పరుగెడుతుంది. సరిగ్గా మీ లెన్సు ఉన్న ఎత్తులో. గాజు మీద ఇసుక పడితే గాలి బుడ్డితో ఊదాలనీ, మెత్తటి కుంచెతో దులపాలనీ అంటారు. పంచె కొసతో గట్టిగా రుద్దేయండి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ మామూలు గాజు కంటే గట్టిది కాబట్టి మీ ఓపిక కొద్దీ గీతలు పడతాయి. ఆ గీతల మీద ఎండ పడితే ఫోటో అంతా మంచు కమ్ముతుంది. కొలరాడో కదా, నమ్ముతారు.

6. ఫోన్ని ఇసుకలో నాటండి

గుంపు ఫోటోకి స్టాండు మోసుకెళ్లకండి. ఫోన్ని సగం దాకా ఇసుకలో గుచ్చి టైమరు పెట్టి పరుగెత్తండి. ఫోన్లు 35 డిగ్రీల సెల్సియస్ కంటే వేడిగా ఉన్నచోట వాడొద్దని తయారుచేసేవాళ్లు చెబుతారు. ఇసుక 65లో ఉంటుంది. తెర ముందు మసకబారుతుంది, తర్వాత వేడెక్కిందని హెచ్చరిక చూపించి నోరు మూసుకుంటుంది. అప్పటిదాకా తీసినవే ప్రాప్తం.

దాన్ని ఇసుకలోంచి పీకినప్పుడు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ఈ తిన్నెల మీద అక్కడక్కడా నల్లటి చారలుంటాయి. అది మాగ్నెటైట్, ఇనుప ఖనిజం. మిగతా ఇసుక కంటే బరువు కాబట్టి గాలి తేలిక ఇసుకని ఎగరగొట్టుకుపోయాక ఇది మిగిలిపోతుంది. అయస్కాంతం కనిపిస్తే వదలదు. ఫోను వెనక ఛార్జరు అతుక్కునే చోట అయస్కాంతాల వలయం ఉంటే, సరిగ్గా దాని కొలతకి గుండ్రంగా నల్లటి నూగు లేచి నిలబడుతుంది. స్పీకరు చిల్లుల చుట్టూ అదే నూగు. ఊదితే పోదు. వేలితో పక్కకి తోస్తే తోసినంత దూరం వెళ్లి, వేలు తీయగానే మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంటుంది. సెల్లోటేపు అంటించి పీకితే చాలావరకు వస్తుంది. వదిలేస్తే మాత్రం ఎవరు ఫోన్ చేసినా గరగరమంటూ వినిపిస్తారు. అత్తింటివాళ్ల ఫోన్లకి అదొక సౌకర్యం.

7. పైనుంచి తీయండి, లేదా ఎదురుగా నిలబడండి

ఇసుక జారిపోకుండా నిలబడగల వాలు దాదాపు 34 డిగ్రీలు. అంచున నిలబడి చూస్తే గుండె జల్లుమంటుంది. ఆ జల్లుమనడం ఫోటోలో రాకూడదంటే పైనుంచి కిందికి తీయాలి. ఎంత ఏటవాలైనా చదునుగా, ఇంటి పెరడులా కనిపిస్తుంది. జారుతున్న పిల్లాడు చీమంత ఉంటాడు. పక్కనుంచి, ఎగువా దిగువా రెండూ పడేలా తీస్తే వాలు వాలులాగే వస్తుంది, ఫోటో చూసిన అమ్మమ్మ కూడా భయపడుతుంది. పెద్దవాళ్లని భయపెట్టడం భావ్యం కాదు.

ఎదురుగా తీయాలనుకుంటే సరిగ్గా బోర్డు వచ్చే దారిలో, మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను కెమెరాకి ఆనించండి. కెమెరాలో పిల్లాడు ఇంకా దూరంగానే కనిపిస్తాడు. ఆ బోర్డుకి బ్రేకులుండవు.

8. ‘‘ఇంకొక్కసారి’’ అనడం మానకండి

అన్నిటిలోకీ ముఖ్యమైన చిట్కా ఇదే. ఈ చోటు సముద్రమట్టానికి సుమారు 8,200 అడుగుల ఎత్తులో ఉంది. గాలి పలచన. ఇసుకలో రెండడుగులు పైకి వేస్తే ఒకడుగు కిందికి జారుతుంది. ఎక్కడానికి పది నిమిషాలు పట్టిన వాలు దిగడానికి పది సెకన్లు. ఈ లెక్క ఫోటోగ్రాఫరుకి భలే అనుకూలం. శ్రమంతా జారేవాళ్లది, పది సెకన్లే మనది.

ఉదాహరణకి పదేళ్ల అమ్మాయిని తీసుకుందాం. బోర్డు చంకలో పెట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, రొప్పుతూ పైకెక్కింది. బోర్డు తిరగేసి, అడుగున మైనం ముక్కతో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా రుద్దింది. కాళ్లు పట్టీల్లో బిగించుకుంది. మోకాళ్లు వంచి, బరువు వెనక కాలి మీద వేసి, చేతులు చాచి వదిలింది. సగం దూరం వచ్చాక తనకే తెలియకుండా కేక పెట్టింది. కింద దాకా పడకుండా వచ్చింది. ఇసుక చిమ్ముకుంటూ ఆగి, మొహమంతా నవ్వుతో చూసింది.

‘‘డాడీ, తీశావా?’’

‘‘తీశా బంగారం. కానీ నువ్వు కెమెరా వైపు చూడలేదు. ఇంకొక్కసారి.’’

రెండోసారి జుట్టు మొహానికి అడ్డం వచ్చిందనండి. మూడోసారి వెనకాల ఎవరో పచ్చచొక్కా మనిషి పడ్డాడనండి. నాలుగోసారి మెమరీ కార్డు నిండిందనండి. ఐదోసారికి ఆ పిల్ల కేక పెట్టదు. చక్కగా కెమెరా వైపు చూస్తూ, జుట్టు వెనక్కి కట్టుకుని, పళ్లు కనిపించేలా పెదాలు సాగదీసి జారుతుంది. ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది. ‘‘చూశావా, ఇందాకటి కంటే ఎంత బాగుందో!’’ అని చూపించండి. చూడదు. వాళ్లమ్మ దగ్గరికెళ్లి ఇంటికెప్పుడెళ్తామని అడుగుతుంది.

9. పెద్దవాళ్లని కారులోనే ఉంచండి

మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఫ్రేములో కుదరదు. పార్కు విజిటర్ సెంటర్లో ఇసుకలో కూరుకుపోని లావు చక్రాల కుర్చీలుంటాయి, అడిగితే ఉచితంగా ఇస్తారు, ముందే ఫోన్ చేసి చెప్పుకుంటే ఇంకా మంచిది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పకండి. తెలిస్తే ఆవిణ్ణి వాగు దాకా తోసుకెళ్తారు.

మెడానో వాగు మామూలుగా మే నెలాఖరు, జూన్ మొదట్లో నిండుగా పారుతుంది. నిండుగా అంటే పాదాలు మునిగేంత, మహా అయితే పిక్కలు మునిగేంత. కొండల మీద కరిగిన మంచు కాబట్టి జిల్లుమంటుంది. అడుగున ఇసుక చిన్నచిన్న గట్లుగా పేరుకుంటూ, అవి తెగినప్పుడల్లా నీళ్లు ఒక్కసారి అలలా తోసుకొస్తాయి. సముద్రానికి వందల మైళ్ల దూరంలో అల! చీర పిక్కల దాకా ఎత్తుకుని నిలబడ్డ అమ్మమ్మ ‘‘ఓసినీ!’’ అని వెనక్కి గెంతుతుంది. పకపకా నవ్వుతుంది. నోరంతా తెరిచి నవ్వుతుంది కాబట్టి కట్టుడుపళ్లు కనిపిస్తాయి, జుట్టు రేగిపోతుంది, కొంగు తడుస్తుంది. ఇలాంటివి ఆల్బమ్‌లో పెట్టుకోగలమా?

భోజనాల దగ్గర కూడా క్రమశిక్షణ కావాలి. పులిహోర డబ్బా మూత తీయగానే ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఆవకాయ జాడీ వెనక పెట్టి ఒకటి తీయండి. అప్పటికి పులిహోరలో వేరుశనగ పప్పు ఏదో, ఇసుక ఏదో పంటికి తెలియదు.

10. ఆకాశాన్ని వదలకండి

డ్రోన్ ఎగరేయండి. అమెరికా జాతీయ పార్కుల్లో 2014 నుంచి డ్రోన్లు నిషేధం, పట్టుబడితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. జైలు ఫోటో కూడా పైసా ఖర్చు లేకుండా వాళ్లే తీస్తారు, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి.

జూలై, ఆగస్టు మధ్యాహ్నాలు ఇక్కడ ఉరుములు, మెరుపులు మామూలే. తిన్నెల మీద చెట్టు లేదు, గూడు లేదు. ఉరుము వినిపించగానే జనమంతా కిందికి పరుగు తీస్తారు. మీరు కూడా పోతే ఆ నల్లటి మబ్బు ఎవరికి దక్కుతుంది? మైలు దూరంలో అందరికంటే ఎత్తుగా, ఇనుప స్టాండు పట్టుకుని నిలబడే అవకాశం రోజూ రాదు. వచ్చినవాళ్లకి రెండోసారి కూడా రాదు.

ఇక చివరగా, కెమెరా ఎవరి చేతికీ ఇవ్వకండి. పదేళ్ల పిల్ల అడిగినా ఇవ్వకండి. ఇస్తే మీరు కూడా ఫోటోలో పడతారు, పడితే బోర్డు ఎక్కమంటారు, ఎక్కితే బొక్కబోర్లా పడతారు, దానికి అందరూ నవ్వుతారు.

ఈ పదీ పాటిస్తే సాయంత్రానికి మీ దగ్గర వెయ్యి ఫోటోలుంటాయి. ఒక్కదాంట్లోనూ మీరుండరు. గ్రూపులో పెట్టగానే దణ్ణాలూ బొటనవేళ్లూ వచ్చి పడతాయి. వచ్చే వేసవిలో మళ్లీ వెళ్దామంటే మాత్రం ఇంట్లో ఎవరూ లేవరు.

అలా కాకూడదనుకుంటే పొద్దున ఏడింటికల్లా అక్కడుండండి. రంగురంగుల పాత బట్టలు వేసుకోండి. మొదటి గంటలో నాలుగు ఫోటోలు తీసి, కెమెరాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, మైనం ముక్క అందుకోండి. బోర్డుకి అద్దె ఎటూ కట్టే ఉన్నారు. ఇసుక దులిపి, దుకాణం మూసేలోగా తిరిగిచ్చేయండి.